పైకప్పులో బెలూన్లు

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పది రోజుల కిందట ఫోన్ చేసి, "మీరు ఇరవై నిమిషాలు మాట్లాడాలండీ. డి.ఏ. బకాయిల సంగతి అధ్యక్షులు చెబుతారు, మోకాళ్ల సంగతి డాక్టరు గారు చెబుతారు. ఆ రెండూ కాకుండా ఇంకేదైనా" అన్నారు. ఆ రెండూ తీసేస్తే మనకు మిగిలేదేమిటా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతల కాసేపు చప్పుడు లేదు. "మీ ఇష్టం" అన్నారు పాపం.

నేను బాస్కెట్‌బాల్ ఆడినవాణ్ణి కాదు. మా హైస్కూల్లో ఉన్నవి కబడ్డీ, వాలీబాల్. ఉద్యోగంలో చేరాక అవీ లేవు, ఆడిట్ అభ్యంతరాలే. అయితే 2024 వేసవిలో మా ఆవిడా నేనూ లాస్ ఏంజెల్స్ దగ్గర ఉండే మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. అక్కడ మన బతుకేమిటో వెళ్లొచ్చిన వారికి తెలుసు. పొద్దున్న ఎనిమిదికల్లా అందరూ కార్లెక్కి పోతారు. మనం గుమ్మం దగ్గర నిలబడి ఎవరైనా మనిషి నడిచి వెళ్తాడేమోనని చూస్తాం. ఎవరూ నడవరు.

జూన్ 12వ తేదీన జెర్రీ వెస్ట్ అనే ఆయన పోయారు. నేను ఆయన పేరు వినలేదు. కాని మా పదమూడేళ్ల మనవడు ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. "ఎవర్రా ఆయన?" అంటే, తన టోపీ తీసి చూపించాడు. దాని మీద ఎరుపు నీలం రంగుల మధ్య బంతి తీసుకుని పరుగెడుతున్న తెల్లటి మనిషి బొమ్మ ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు చిహ్నం అది. లీగు వారు పైకి ఒప్పుకోరుగాని, ఆ బొమ్మ గీసినాయన వెస్ట్ ఫొటో చూసే గీశానని చెప్పాడు. "అంతటివాడు ఎన్ని కప్పులు గెలిచాడు?" అని అడిగాను. "ఒక్కటే తాతయ్యా. ఫైనల్సులో ఎనిమిదిసార్లు ఓడిపోయాడు" అన్నాడు. ఎనిమిదిసార్లు ఓడినవాడి బొమ్మ చిహ్నంగా పెట్టుకున్న లీగా అని నాకు ఆశ్చర్యం వేసింది. అప్పుడు వాడు కంప్యూటర్లో పాత ఆటలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. ఆ వేసవంతా మా ఇద్దరికీ అదే పని. వాటిల్లో 1969 ఫైనల్సు గురించే ఈవేళ చెబుతాను.

ముందు మనుషుల పరిచయం చెయ్యాలి, లేకపోతే కథ ఎక్కదు.

రెండు జట్లు. ఒకటి బోస్టన్ సెల్టిక్స్. రెండోది లాస్ ఏంజెల్స్ లేకర్స్. లేకర్స్ అంటే సరస్సులవాళ్లు. లాస్ ఏంజెల్స్ ఎండగొట్టుకుపోయే ఊరు కదా, అక్కడ సరస్సులేమిటని మీకు సందేహం రావచ్చు. ఆ జట్టు మొదట మినియాపొలిస్‌లో ఉండేది. సరస్సులు అక్కడివి. 1960లో ఊరు మారారుగాని పేరు మార్చుకోలేదు. బదిలీ అయినా ఇంటిపేరు మారదు కదా.

బోస్టన్ జట్టుకి మూలస్తంభం బిల్ రస్సెల్. 1934లో లూసియానా రాష్ట్రంలో మన్రో అనే ఊళ్లో పుట్టిన నల్లజాతి మనిషి. ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉండి, ఆ ఏడాదే బోస్టన్‌లో చేరాడు. చేరిన మొదటి సీజనులోనే, అంటే 1957లో, కప్పు వచ్చింది. తరువాత 1959 నుంచి 1966 దాకా వరుసగా ఎనిమిదేళ్లు కప్పు వారిదే. ఈయన గొప్పతనం బుట్టలో బంతులు వెయ్యడంలో లేదు. ఆటకి సగటున 15 పాయింట్లే. అవతలివాడు వేసే బంతిని ఆపడంలో ఉంది. సాధారణంగా పొడుగాటివాడు ఎదుటివాడి బంతిని అరచేత్తో కొడితే అది వెళ్లి ప్రేక్షకుల్లో పడుతుంది. జనం ఈలలు వేస్తారు. రస్సెల్ అలా కొట్టడు. మెల్లిగా తట్టి, కోర్టులోనే ఉండేలా, తనవాడి చేతికి అందేలా చూస్తాడు. ప్రేక్షకుల్లోకి కొడితే బంతి మళ్లీ అవతలివాళ్లకే ఇస్తారు కదా. ఈ ఒక్క తెలివి చూసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఇక విల్ట్ ఛాంబర్లేన్. ఏడడుగుల ఒక అంగుళం. 1962 మార్చి 2న ఒక్క ఆటలో 100 పాయింట్లు వేసినవాడు. ఇప్పటిదాకా ఆ లీగులో ఇంకెవరూ ఆ అంకె ముట్టలేదు. ఆయన జీవితకాలపు సగటు 30 పాయింట్లు. కాని కప్పు మాత్రం 1967లో ఫిలడెల్ఫియా జట్టుతో ఒక్కసారే వచ్చింది అప్పటికి. ఎప్పుడు చూసినా దారికి అడ్డంగా రస్సెల్ ఉండేవాడు.

ఇక్కడ మనవాళ్లకి బాగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. రస్సెల్ 1956లో చేరాడు, ఛాంబర్లేన్ 1959లో. అంటే రస్సెల్ సీనియరు. 1965లో ఛాంబర్లేన్‌కి ఏడాదికి లక్ష డాలర్ల జీతం అన్నారు. రస్సెల్ వెళ్లి తనకి లక్షా ఒక్క డాలరు కావాలన్నాడట. ఇచ్చారు. జూనియరు జీతం సీనియరు కన్నా ఎక్కువైపోతే సీనియరు జీతం పెంచమని మనం ఎన్ని అర్జీలు పెట్టామో, ఎన్ని సంవత్సరాలు తిరిగామో ఇక్కడ కూర్చున్న వారందరికీ తెలుసు. ఆయనకి ఒక్క మాటలో పని అయిపోయింది, ఒక్క డాలరు అదనంగా!

1966లో బోస్టన్ కోచ్ రెడ్ ఆవర్‌బాక్ ఆ పని వదిలిపెట్టి, తన స్థానంలో రస్సెల్‌ని కోచ్‌గా వేశాడు. ఆట కూడా ఆడుతూనే ఉండాలి. ఆ లీగులో కోచ్ అయిన మొదటి నల్లజాతి మనిషి రస్సెల్. అసిస్టెంటు కూడా లేడు. తానే ఆడాలి, తానే ఎవరిని ఎప్పుడు దింపాలో చూడాలి, తానే అరవాలి. ఇన్‌చార్జి బాధ్యతలంటే ఏమిటో మనకి తెలుసు.

లేకర్స్ వైపు నేను చెప్పిన జెర్రీ వెస్ట్ ఉన్నాడు, ఎల్జిన్ బేలర్ అనే మహా ఆటగాడు ఉన్నాడు. వీళ్లు 1962, 1963, 1965, 1966, 1968 సంవత్సరాల్లో ఫైనల్సుకి వెళ్లారు. ఐదుసార్లూ బోస్టన్ చేతిలోనే ఓడారు. బేలర్ అయితే 1959లో మినియాపొలిస్‌లో ఉండగా కూడా బోస్టన్ చేతిలోనే ఓడాడు. ఇక లాభం లేదని 1968 జూలైలో లేకర్స్ యజమాని జాక్ కెంట్ కుక్ ముగ్గురు ఆటగాళ్లను ఇచ్చి ఫిలడెల్ఫియా నుంచి ఛాంబర్లేన్‌ని తెచ్చుకున్నాడు. వెస్ట్, బేలర్, ఛాంబర్లేన్ ముగ్గురూ ఒకే జట్టులో! ఇక ఆ ఏడాది కప్పు ఎవరిదో అడగనక్కర్లేదు అనుకున్నారు జనం.

బోస్టన్ వాళ్లేమో ముసలివాళ్లయ్యారు. రస్సెల్‌కి 35 ఏళ్లు, మోకాళ్లు సహకరించవు. శామ్ జోన్స్‌కి ఇంకో రెండు నెలల్లో 36 నిండుతాయి, ఈ సీజనుతో విరమిస్తున్నానని ముందే చెప్పేశాడు. 35 ఏళ్లకి ముసలివాళ్లేమిటని నవ్వుకోకండి. ఆ ఉద్యోగంలో పదవీ విరమణ వయస్సు అదే. ఆ సీజనులో బోస్టన్ 48 ఆటలు గెలిచి 34 ఓడి, తమ డివిజన్లో నాలుగో స్థానంలో నిలిచింది. మొదటి నలుగురికే తరువాతి పోటీల్లో ప్రవేశం. చివరి బెర్తు దొరికినట్టన్నమాట. అక్కడి నుంచి ఫిలడెల్ఫియాని, న్యూయార్క్‌ని ఓడించి ఫైనల్సుకి వచ్చారు. లేకర్స్ 55 గెలుపులతో తమ డివిజన్లో ప్రథమ స్థానం. అందుకే ఏడు ఆటల్లో నాలుగు లాస్ ఏంజెల్స్‌లో, చివరి ఆట అవసరమైతే అదీ లాస్ ఏంజెల్స్‌లోనే.

మొదటి ఆట ఏప్రిల్ 23న. వెస్ట్ 53 పాయింట్లు వేశాడు. ఇప్పుడున్న మూడు పాయింట్ల గీత ఆ లీగులో అప్పటికి లేదు, పది సంవత్సరాల తరువాత 1979లో వచ్చింది. ఎంత దూరం నుంచి వేసినా రెండే. అలాంటి రోజుల్లో 53. లేకర్స్ 120-118తో గెలిచారు. రెండో ఆటలో వెస్ట్ 41, మళ్లీ లేకర్సే. ఆ రెండు ఆటల్లో రస్సెల్ వెస్ట్‌ని ఒక్కడికే అప్పగించాడు. బోస్టన్ వచ్చాక మూడో ఆట నుంచి అతని మీదకి ఇద్దరిని పంపించాడు. ఆ ఆట బోస్టన్ గెలిచింది.

నాలుగో ఆటే అసలు మలుపు. ఏప్రిల్ 29. చివరి క్షణాలు. లేకర్స్ 88, బోస్టన్ 87. ఏడు సెకన్లున్నాయి. శామ్ జోన్స్‌ని ముగ్గురు సహచరులు గోడ కట్టినట్టు అడ్డం నిలబడి కాపాడారు. బంతి చేతికొచ్చింది, కాలు జారింది. పడిపోతూ, తప్పుడు కాలి మీద లేచి విసిరాడు. బంతి రింగు ముందుభాగానికి తగిలి, వెనకభాగానికి తగిలి, ఏదో ఆలోచించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, లోపల పడింది. 89-88. మా మనవడు ఆ ముక్కని పదిసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. ప్రతిసారీ బయటికి పడుతుందేమోనని నాకు భయమే. అది పడకపోతే లేకర్స్ మూడు ఒకటి ఆధిక్యంతో ఊరికి పోయేవాళ్లు. అక్కడితో కథ అయిపోయేది.

ఐదో ఆట లేకర్స్‌ది. వెస్ట్ 39 వేశాడుగాని, ఆట ముగిసే వేళ బంతి కోసం ఉరికి తొడ వెనక కండరం పట్టేసుకున్నాడు. ఆరో ఆటలో కుంటుతూనే ఆడాడు, బోస్టన్ 99-90తో గెలిచింది. అది మే 3వ తేదీ. మన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు కన్నుమూసిన రోజు. ఆయన పుట్టింది హైదరాబాదులోనే. ఆ ఏడాది మన పత్రికల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్రపతి మరణం ఇవే వార్తలు. నాకు ఇరవై రెండేళ్లు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో కార్డు రెన్యూ చేయించుకుంటూ తిరుగుతున్నాను. భూగోళానికి అవతల ఈ ఆట జరుగుతోందని తెలిసే అవకాశమే లేదు.

ఇక మే 5. ఏడో ఆట. ఊరు లాస్ ఏంజెల్స్ పక్కన ఇంగిల్‌వుడ్, హాలు పేరు ఫోరం. విమానాశ్రయానికి దగ్గరే. గుండ్రంగా, చుట్టూ స్తంభాలతో ఉంటుంది. లేకర్స్ 1999లో అక్కడి నుంచి వేరే హాలుకి మారిపోయారు. ఇప్పుడక్కడ పాటకచేరీలు జరుగుతాయి. తిరిగొచ్చేటప్పుడు మా అల్లుడు కారు అటు తిప్పి చూపించాడు.

ఆ రోజు సాయంత్రం లోపలికి వచ్చినవాళ్లు తలెత్తి చూస్తే పైకప్పు కింద పెద్ద పెద్ద వలల్లో బెలూన్లు. వేలకొద్దీ. అందరికీ పంచిన కాగితంలో కార్యక్రమం అచ్చయి ఉంది. లేకర్స్ కప్పు గెలిచినప్పుడు బెలూన్లు కిందికి వదులుతారు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బ్యాండు మేళం ఫలానా పాట వాయిస్తుంది. తరువాత వ్యాఖ్యాత చిక్ హెర్న్ బేలర్‌ని, వెస్ట్‌ని, ఛాంబర్లేన్‌ని వరుసగా ఇంటర్వ్యూ చేస్తారు. గెలిస్తే అని కాదు, గెలిచినప్పుడు అని. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అది అచ్చు వేయించి పంచిపెట్టాడు యజమాని. ఆ కాగితం ఒకటి రస్సెల్ చేతికి చిక్కింది. జట్టువాళ్లకి చూపించాడు. వేరే ఉపన్యాసం అక్కర్లేకపోయింది. వెస్ట్ మాత్రం ఆ బెలూన్లు చూసి మండిపడ్డాడు. బోస్టన్‌తో అప్పటికి ఐదుసార్లు ఓడినవాడికి ఆ పని ఎంత ప్రమాదమో తెలుసు.

ఆట మొదలైంది. ముసలివాళ్లు పరుగెడతారని ఎవరూ అనుకోలేదు. బోస్టన్ వాళ్లు పరుగే పరుగు. మూడు క్వార్టర్లు ముగిసేసరికి 91-76. పదిహేను పాయింట్లు వెనకబడ్డ లేకర్స్‌ని వెస్ట్ ఒంటికాలి మీద లాక్కొచ్చాడు. నిజంగానే ఒంటికాలు, ఇంకో తొడకి పట్టీలు చుట్టి ఉన్నాయి. తేడా తగ్గుతూ వచ్చింది. శామ్ జోన్స్ 24 పాయింట్లు వేసి ఆరో ఫౌలుతో బయటికి వెళ్లాడు. అదే అతని ఆఖరి ఆట.

ఐదు నిమిషాల పైచిలుకు ఉందనగా ఛాంబర్లేన్ బంతి కోసం ఎగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడింది. బయటికి వెళ్తానని సైగ చేశాడు. కోచ్ వాన్ బ్రెడా కోల్ఫ్ అతని స్థానంలో మెల్ కౌంట్స్‌ని పంపాడు. ఆశ్చర్యం, జట్టు ఇంకా పుంజుకుంది. తేడా ఒక్క పాయింటుకి వచ్చింది. ఛాంబర్లేన్ "నేను వెళ్తాను, కాలు బాగానే ఉంది" అన్నాడు. నువ్వు లేకుండానే బాగుంది, కూర్చో అన్నాడు కోచ్. ఆ ఇద్దరికీ ఏడాదంతా పడలేదు. మళ్లీ అడిగితే మళ్లీ కాదన్నాడు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునే ఆటగాడు, జీవితంలో అతి ముఖ్యమైన ఆటలో, ఆఖరి నిమిషాలు బెంచీ మీద కూర్చుని చూశాడు. ఎవరిది తప్పో నేను చెప్పలేను. కాని ఒక పాత పగ తీర్చుకోవడానికి ఆఫీసులో ముఖ్యమైన పని చెడగొట్టుకున్న అధికారుల్ని చూశాను. ఆ ముఖం గుర్తుపట్టగలను.

ఒక నిమిషం పైన ఉందనగా బోస్టన్ ఆటగాడు హావ్లిచెక్ చేతిలో ఉన్న బంతిని లేకర్స్ ఆటగాడు వెనక నుంచి కొట్టాడు. మంచి పనే చేశాడు. కాని ఆ బంతి తిన్నగా వెళ్లి ఎదురుగా ఉన్న డాన్ నెల్సన్ అనే బోస్టన్ వాడి చేతుల్లోనే పడింది. అతను ఆలోచించకుండా విసిరాడు. బంతి రింగు వెనకభాగానికి తగిలి, నిట్టనిలువుగా పైకి లేచి, తిరిగి నేరుగా బుట్టలో పడింది. ఇంత మహా మహా ఆటగాళ్ల మధ్య కప్పు ఎవరిదో తేల్చింది అదృష్టం. ఆట ముగిసేసరికి 108-106. రెండు పాయింట్లు.

బెలూన్లు పైనే ఉండిపోయాయి.

రస్సెల్ వేసింది ఆరు పాయింట్లు, పట్టిన రీబౌండ్లు 21. పదమూడు సంవత్సరాల్లో పదకొండో కప్పు. వెస్ట్ 42 పాయింట్లు, 13 రీబౌండ్లు, 12 పాసులు. ఫైనల్సులో ఉత్తమ ఆటగాడికి బహుమతి ఇవ్వడం ఆ ఏడాదే మొదలు. అది ఓడిపోయిన జట్టువాడైన వెస్ట్‌కి ఇచ్చారు. ఓడిన జట్టులోని మనిషికి ఆ బహుమతి రావడం అప్పటికీ ఇప్పటికీ అదొక్కసారే. కారు బహుమానం. ఆ కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తుంటే ఆయనకి ఎలా ఉండి ఉంటుందో! 1972లో వెస్ట్‌కీ ఛాంబర్లేన్‌కీ కలిసి ఒక కప్పు వచ్చింది. బేలర్ సంగతి ఇంకా దురదృష్టం. మోకాళ్లు పోయి 1971-72 సీజను మొదట్లోనే విరమించాడు. ఆ సీజనులోనే జట్టు కప్పు గెలిచింది. ఎనిమిదిసార్లు ఫైనల్సుకి వెళ్లి ఒక్కటీ గెలవని మనిషి. వెస్ట్ 2011లో ఆత్మకథ రాసుకున్నాడు. అందులో తన మానసిక కుంగుబాటు గురించి దాచకుండా చెప్పాడు. ముప్ఫై నలభై ఏళ్ల తరువాత కూడా ఆ ఓటములు ఆయన్ని వదల్లేదు.

ఇప్పుడు మన సంఘానికి నేరుగా సంబంధించిన విషయానికి వస్తాను. ఇది చెప్పాలనే ఈ అంశం ఎంచుకున్నాను.

కోర్టు మీద కొట్టుకున్న ఈ రస్సెల్, వెస్ట్, బేలర్, ఛాంబర్లేన్ అంతా ఒకనాడు ఒకే గదిలో తలుపు వేసుకుని కూర్చున్నారు. 1964 జనవరి 14. బోస్టన్‌లో తారల మధ్య ప్రత్యేక ఆట. బయట మంచు తుపాను. టెలివిజన్ వాళ్లు ప్రసారానికి సిద్ధంగా ఉన్నారు. ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడు బోస్టన్ ఆటగాడు టామ్ హైన్‌సన్. పెన్షన్ కావాలని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు, యజమానులు రేపు మాపు అంటున్నారు. మనకి కొత్త కాదు. ఆ సాయంత్రం, పెన్షన్ ఇస్తామని మాట ఇచ్చేదాకా గది దాటి రామన్నారు. లేకర్స్ అప్పటి యజమాని, వెస్ట్, బేలర్ వెంటనే బయటికి రావాలని గది గుమ్మం దాకా కబురు పంపాడు. వాళ్లు లక్ష్యపెట్టలేదు. ప్రసారం వేళ దాటిపోతోంది. చివరికి లీగు పెద్ద వాల్టర్ కెనడీ లోపలికి వచ్చి మాట ఇచ్చాడు. అప్పుడు వెళ్లి ఆడారు.

1965లో పెన్షన్ వచ్చింది. కాని ఎలా వచ్చింది? 1965కి ముందు విరమించినవాళ్లకి వర్తించదన్నారు! కటాఫ్ తేదీ. అమెరికా అయినా అమలాపురం అయినా ఫైనాన్సు వారి బుద్ధి ఒకటే. లీగుని నిలబెట్టిన పాతవాళ్లు బయట ఉండిపోయారు. వాళ్లు పోట్లాడి పోట్లాడి, 1988లో ఐదేళ్లు ఆడినవాళ్లని చేర్పించుకున్నారు. మూడు నాలుగేళ్లు ఆడినవాళ్లకైతే 2007 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఎంతమంది మిగిలారు?

మనం ఈ డిసెంబరు 17న ఎందుకు కూర్చున్నామో పిల్లలకి తెలియకపోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 1979 మార్చి 31ని గీతగా పెట్టి, ఆ తేదీకి ముందు రిటైరైన వారికి పెంచిన పెన్షన్ ఇవ్వమంది. నకారా గారు కోర్టుకి వెళ్లారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆ గీత చెరిపేసింది. పెన్షన్ దయాధర్మం కాదన్నది. ఆ కథ విన్న మా మనవడు, "మరి వాళ్లకి ఇరవై ఏళ్లెందుకు పట్టింది తాతయ్యా?" అన్నాడు. అక్కడ నకారా గారు లేరురా అన్నాను.

ఇక రస్సెల్ విరమణ. ఫోరం నుంచి వచ్చాక ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ వేసవిలో ఒక పత్రికలో వ్యాసం రాసి, ఇక ఆడను, కోచ్‌గా ఉండను అన్నాడు. సభ లేదు, సన్మానం లేదు. పెద్ద ఆటల ముందు కంగారుతో వాంతి చేసుకునే మనిషి ఆయన. పదమూడేళ్లు అలా గడిపాడు. 1972లో ఆయన చొక్కా నంబరు 6ని గౌరవార్థం పైకి ఎత్తుతామంటే, జనం ఉండకూడదన్నాడు. గేట్లు తెరవకముందే, ఖాళీ హాల్లో, పాత సహచరుల మధ్య ఆ పని కానిచ్చారు. గర్విష్ఠి అన్నారు కొందరు. కాని ఆ ఊరి దగ్గర రీడింగ్ అనే చోట ఆయన ఇంట్లో చొరబడి గోడలు పాడుచేసిన వాళ్లున్నారు. 1961లో లెక్సింగ్టన్‌లో నల్లవాళ్లకి తిండి పెట్టమన్నందుకు ఆట మానేసి తిరిగొచ్చిన మనిషి. అలాంటి చప్పట్లు అక్కర్లేదనుకోవడానికి ఆయన కారణాలు ఆయనకి ఉన్నాయి. మనవాళ్లకి మాత్రం శాలువా కప్పేదాకా రిటైరైనట్టు ఉండదు. నేనూ కప్పించుకున్నవాణ్ణే.

ఆఖరుగా ఒక సంగతి. రస్సెల్, ఛాంబర్లేన్ కోర్టు బయట స్నేహితులు. పండగ రోజుల్లో ఛాంబర్లేన్ ఇంట్లో రస్సెల్ భోజనం చేసేవాడు. ఏడో ఆట అయిన కొద్దికాలానికి రస్సెల్ ఒకచోట మాట్లాడుతూ, అలాంటి ఆటలో కాలు విరిగితే తప్ప బయటికి రాకూడదు అన్నట్టు అనేశాడు. అది పత్రికలకెక్కింది. కూర్చోబెట్టింది కోచ్, మాట పడ్డది ఛాంబర్లేన్. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. ఇరవై ఏళ్లకు పైగా. చివరికి రస్సెల్ తప్పు నాదేనని క్షమాపణ చెప్పాడు. 1999 అక్టోబరులో ఛాంబర్లేన్ పోయేదాకా మళ్లీ ఫోన్లు, పరాచికాలు. సంతాప సభలో రస్సెల్ మాట్లాడాడు. ఆయన 2022 జూలై 31న పోయాడు.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకన్నా ఆరు నెలలు సీనియరు ఒకాయన మా సెక్షన్లో ఉండేవారు. ఒక మార్చి 31 రాత్రి, లెక్కలు ముగించాల్సిన వేళ, జ్వరమని తొమ్మిదింటికే ఇంటికి వెళ్లిపోయారు. "జ్వరం కూడా క్యాలెండరు చూసుకుని వస్తుంది ఆయనకి" అన్నాను, పదిమందిలో. అది టైఫాయిడ్ అని నాలుగు రోజుల తరువాత తెలిసింది. నా మాట ఆయనకి అంతకన్నా ముందే తెలిసింది. పద్నాలుగేళ్లు పలకరింపు లేదు. నా వీడ్కోలు సభకి రాలేదు. వాళ్లమ్మాయి పెళ్లికి నన్ను పిలవలేదు.

అమెరికా నుంచి వచ్చిన వారంలో ఫోన్ చేశాను. నా పేరు చెప్పాను. తరువాత ఏం చెప్పాలో తోచలేదు, రాసుకున్న కాగితం ఎక్కడో పెట్టాను. ఆయనే అన్నారు: "ఏవయ్యా, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చావా? లేకపోతే పెన్షన్ ఆపేస్తారు." ఇచ్చానండీ అన్నాను. "మంచిది. ఆ జ్వరం నిజమేనయ్యా" అన్నారు.

ఆయన ఈవేళ వచ్చారు. మూడో వరుసలో, మఫ్లరు కట్టుకుని, ఈ మాటలు ఎందుకు ఎత్తాడురా అని నన్ను చూస్తున్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. డాక్టరు గారు మోకాళ్ల గురించి చెప్పాలి. సెలవు తీసుకుంటాను.